ఒంటిచేతి పేస్టు

పెళ్ళయిన కొత్తలోనే కోడలు ఒక గొప్ప సంగతి కనిపెట్టింది. కీబోర్డు మీద పేస్టు చేసే కంట్రోల్, వి రెండూ ఎడమచేతి కిందే ఉంటాయి. షిఫ్ట్, ఇన్సర్ట్ కలిపి నొక్కినా జరిగేది అదే పేస్టు, ఆ రెండూ కుడిచేతికి అందుతాయి. అంటే తను భర్తకు ఎడమపక్కన కూర్చుంటే ఇద్దరికీ ఒక్కో చెయ్యి ఖాళీ. ఆ ఖాళీ చేతులు బల్ల కింద ఒకదాన్నొకటి పట్టుకుని హాయిగా ఉండొచ్చు.

ఇద్దరిదీ ఇంటినుంచే ఉద్యోగం. ఒక చెప్పుల కంపెనీకి వచ్చే ఫిర్యాదులకు జవాబులు పంపాలి. సైజు సరిపోకపోతే ఒకటి, రంగు వెలిస్తే ఒకటి, జవాబులన్నీ ముందే రాసి ఉంటాయి. కాపీ చెయ్యడం, పేస్టు చెయ్యడం, పంపడం.

ఆ సుఖం కాస్తా అత్తగారి కంటపడింది. ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి.

"ఒంటిచేత్తో ఏమిటమ్మాయ్ ఆ పని? రెండో చెయ్యి ఏం పాపం చేసింది?"

"దానికి వేరే పనుందత్తయ్యా."

భర్త చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి లాక్కోబోయాడు. కోడలు వదల్లేదు సరికదా, పట్టుకున్న చేతుల్ని తెచ్చి బల్లమీదే పెట్టింది.

"బాగుంది," అన్నారు అత్తగారు. "పేస్టు చెయ్యడం కోతులకీ వచ్చు. సొంతంగా టైపు చెయ్యాల్సింది వస్తే? అప్పుడు చెయ్యి వదిలావో, నీ కుర్చీ కిటికీ దగ్గరికి, వాడి కుర్చీ ఆ గోడ దగ్గరికి. సరేనా?"

"సరే."

భోజనాల వేళ కాకుండానే అలాంటి ఫిర్యాదు వచ్చింది. ఎవరో పెద్దాయన రాశాడు: ఎడమ చెప్పు ఒక్కటే కిర్రుమంటోంది, మా కుక్క నన్నే చూసి మొరుగుతోంది. దానికి సరిపోయే జవాబు ఎంత వెతికినా లేదు. అత్తగారు కుర్చీల వెనక్కొచ్చి నిలబడ్డారు.

"వదులు మరి," అన్నారు తియ్యగా.

భర్త వేళ్ళు సడలాయి. కోడలు మరింత బిగించి, ఎడమచేత్తో తన కీబోర్డును ఇద్దరి మధ్యకు లాగింది.

"ఎడమ సగం నాది, కుడి సగం మీది. కానివ్వండి."

మొదటి వాక్యం నిండా తప్పులే. చెరిపేసి మళ్ళీ మొదలెట్టారు. ఈసారి వేళ్ళు దారిలో పడ్డాయి. కుక్కగారికి క్షమాపణ చెప్పేచోట ఇద్దరికీ నవ్వాగలేదు.

వెనకనుంచి అత్తగారి చూపుడువేలు లేచింది. "ఒరేయ్, ఆ చిటికెనవేలు ఎందుకురా దాచుకుంటావు? అమ్మాయ్, వెన్ను నిటారుగా."

"మరి నా కుర్చీ?" అంది కోడలు, తల తిప్పకుండానే.

అత్తగారు కిటికీ వైపు చూశారు, గోడ వైపు చూశారు.

"పదివేళ్ళూ పనిచేస్తున్నాయిగా," అని గొణిగారు. "ఎవరి చేతివైతే నాకేం."