గాలిని మోసుకొచ్చినవాడు

అద్దం కోశాక దాని మీద సున్నంతో పెద్ద ఇంటూ గుర్తు వేయాలి. లేకపోతే కళ్లున్నవాడు కూడా వచ్చి గుద్దుకుంటాడు. నాలుగేళ్లుగా అద్దాల కొట్లో పనిచేస్తున్న పుల్లోడికి ఇది వెన్నతో పెట్టిన విద్య. అయినా ఆ ఉదయం మర్చిపోయాడు. మర్చిపోడూ మరి, పద్దెనిమిదేళ్లవాడు, ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఉన్నాడు.

ఊళ్లో మూడు రోజులుగా గొడవలు. ఎవరో విసిరిన రాయికి ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు కిటికీ పగిలింది. వీధిలో పొగంతా లోపలికి పోతోంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే గాజు పెట్టెల్లోంచి కదపకూడదట. వాళ్లలో ఒకతె అతని అక్క కూతురు. అమ్మానాన్నలు లేని అతన్ని పెంచింది ఆ అక్కే.

"బండ్లేవీ తిరగట్లేదురా. మోసుకుపోగలవా?" అన్నాడు మేస్త్రి.

"పోతా."

పుట్టీ, మేకులు సంచిలో వేసుకుని, కోసిన అద్దం చంకన పెట్టుకుని బయల్దేరాడు.

కూడలి దగ్గర కాళ్లు ఆగిపోయాయి. ఒకపక్క రాళ్లు పట్టుకున్న జనం, ఇంకోపక్క లాఠీలతో పోలీసులు. మధ్యలో పుల్లోడు, అద్దానికి కింద ఒక చేయి, పైన ఒక చేయి.

"వీడేంట్రా, గాలిని మోసుకొస్తున్నాడు?" అని ఎవరో నవ్వారు.

అప్పుడు గుర్తుకొచ్చింది, సున్నం వేయలేదని. చేతులు ఖాళీ లేవు, మిగిలింది నోరొక్కటే. అతను గట్టిగా మాట్లాడగా కొట్లో ఎవరూ విని ఎరగరు.

"అద్దం," అన్నాడు. ఎవరికీ వినపడలేదు. గుండెల నిండా ఊపిరి పీల్చుకుని అరిచాడు. "అద్దం. పసిపిల్లల వార్డుకి. దారివ్వండి."

ముందున్నవాడు వెనక్కి తిరిగి "అద్దమంట" అన్నాడు. ఆ మాట నోటి నుంచి నోటికి వీధి చివరిదాకా పాకింది. ఎత్తిన చేతులు దిగాయి. పోలీసులు గోడవారకి జరిగారు. ఇంత జనం తన ఒక్క మాటకి చీలడం చూసి పుల్లోడికి ఒళ్లు జలదరించింది. అద్దంలో ఆకాశం, మబ్బులు, అంతమంది ముఖాలూ అతనితోపాటే నడిచాయి. అంత గొప్పది అతనెన్నడూ మోయలేదు.

అతను దాటగానే మళ్లీ మొదలెట్టారనుకోండి. అంతమాత్రాన జరిగింది జరగకుండా పోదు.

వార్డు కిటికీ బయట నిలబడి చివరి మేకు కొట్టి, అంచుల్లో పుట్టీ నింపాడు. పొగ అద్దం దాకా వచ్చి ఆగిపోయింది. లోపల అక్క ఒక పెట్టె మీదికి వంగి, కిటికీ వైపు వేలు చూపించింది. మాట బయటికి రాలేదు. పెదాలు చూస్తే తెలిసింది.

"అదుగోనే, మీ మామయ్య."