అక్క మీద కరపత్రం

కాగితాన్ని రెండు మడతలు పెట్టి, చెక్కబద్దతో ఒక్క రుద్దు రుద్ది పక్కన పడేయడం అతనికి ఊపిరి తీసుకున్నంత అలవాటు. ప్రెస్సులో అందరూ అతన్ని మడత మాస్టారంటారు. బొటనవేలి కొస గవ్వలా గట్టిపడి మెరుస్తుంటుంది. ఏం మడుస్తున్నాడో ఎప్పుడూ చదవడు. ఆ రోజు మాత్రం చదివాడు.

అది పాస్టరుగారు వేయిస్తున్న కరపత్రం. ఎడమవైపు మన విశ్వాసం, కుడివైపు అమెరికాలో పుట్టిన మోర్మన్ల సంఘం బోధ. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ కలిసి ఒకే దేవుడని మనం. ముగ్గురూ వేరువేరు, సంకల్పం మాత్రం ఒక్కటేనని వాళ్ళు. మనకు బైబిలొక్కటే, వాళ్ళకు దానితోపాటు, రెండు వందల ఏళ్ళ కిందట ఓ యువకుడు బంగారు రేకుల మీద దొరికిందని చెప్పిన మరో గ్రంథం. ఒకప్పుడు వాళ్ళలో కొందరు పలువురు భార్యల్ని కట్టుకోవడం, తర్వాత ఆ పద్ధతి మానుకోవడం కూడా రాశారు.

అందులో అబద్ధమేమీ లేదు. అయినా అక్క అందులో ఎక్కడా కనిపించలేదు.

బావ చనిపోయిన ఏడాదే అక్క వాళ్ళలో కలిసింది. "చచ్చాక కూడా మీ బావ నా మొగుడేనంటున్నార్రా వాళ్ళు. మన పాస్టరుగారు పరలోకంలో పెళ్ళిళ్ళుండవన్నారు" అంది. మరి యేసుప్రభువు సంగతేంటని నిలదీస్తే, "ఆయన్నెక్కడ వదిలాన్రా?" అంది. అతను మొహం తిప్పుకుని, ఇక తన గడప తొక్కొద్దన్నాడు. తర్వాత అమ్మ పోయినప్పుడు, సమాధి దగ్గర సంఘపెద్దలు అక్కను వెనక్కి నిలబడమంటే నోరు మెదపలేదు. తప్పని అప్పుడే తెలుసు. తెలిసీ ఊరుకున్న ఆ క్షణం, అన్నంలో రాయిలా పంటికింద పడుతూనే ఉంది.

ఆ రోజే మధ్యాహ్నం అక్క కూతురు ఫోను చేసింది. అమ్మకు ఆయాసం ఎక్కువైంది, ఒకసారి రమ్మంటోందని చెప్పింది. ఈ పని ముగించుకుని వస్తానన్నాడు. యజమాని వెళ్ళమనే అన్నాడు. అతనే కదల్లేదు. అక్క ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలో తెలియక, ఆమె నమ్మకం తప్పని చెప్పే కాగితాల్నే మడుస్తూ పోయాడు.

పని ముగించి అక్క ఇంటికి వెళ్ళేసరికి గుమ్మం బయట చెప్పులు గుంపుగా ఉన్నాయి. లోపల అక్క సంఘానికి చెందిన తెల్లచొక్కాల వాళ్ళిద్దరు లేచి అతనికి చోటిచ్చారు. అక్కను మంచం మీద తిన్నగా పడుకోబెట్టారు. గడ్డం అచ్చం అమ్మదే. పాదాలు పట్టుకున్నాడు. చల్లబడిపోయాయి. చేతులకు కాగితం దుమ్ము అంటి ఉందని గుర్తొచ్చి, చొక్కాకు తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నాడు.

"నిద్రలోనే పోయింది మామయ్యా. నువ్వొస్తానన్నావని చెప్తే, పన్లో ఉన్నాడేమోలే, తొందరపెట్టకు అంది."

అక్కడ నిలబడలేక మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళాడు. మేనకోడలు వెనకే వచ్చి, గ్లాసు కోసం అలమారా తెరిచింది. పై అరలో టీపొడి డబ్బా కనిపించింది. మీ మతంలో టీ ముట్టరు కదా అనడిగాడు.

"మేం తాగం. నువ్వెప్పుడైనా వస్తావని కొనేది. పాతబడితే పారేసి కొత్తది తెచ్చేది."

అతను చెయ్యి చాచి, ముట్టుకోలేక ఆగిపోయాడు. డబ్బా మూత చుట్టూ అంటించిన పల్చటి కాగితం ఇంకా చింపకుండానే ఉంది.