పదిహేను విరామాలు

బడిలో అందరూ ఆమెను మైకు టీచరు అనేవారు. ఓసారి ఆటల పోటీల రోజున మైకు పాడైపోతే, మైదానానికి ఈ చివర నిలబడి ఆ చివరనున్న పిల్లల పేర్లు పిలిచిన మనిషి ఆమె. ఇరవై రెండేళ్లుగా ఆరు, ఏడు తరగతులకు సైన్సు చెబుతోంది. గదిలో యాభై మంది, కిటికీ అవతల రోడ్డు, నెత్తిమీద గడగడమనే ఫ్యాను. వాటన్నిటినీ గొంతుతోనే నెగ్గుకొస్తోంది.

ఆ గొంతు ఒక సోమవారం మూడో పీరియడ్‌లో, గుండె ఎలా కొట్టుకుంటుందో చెబుతుండగా ఆగిపోయింది. నెల రోజులుగా బొంగురుపోతూనే ఉంది. వేడినీళ్లు పుక్కిలించి, బిళ్లలు చప్పరించి ఎలాగో లాక్కొచ్చింది. ఈసారి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. పిల్లలు మొదట నవ్వారు. తర్వాత భయపడ్డారు. ముందు బెంచీ అమ్మాయి తన సీసాలో నీళ్లు తెచ్చిచ్చింది. టీచరు ఒక్క గుక్క తాగి సీసా తిరిగిచ్చేసింది. అంతకుమించి తాగే అలవాటు లేదు.

గొంతు డాక్టరు సన్నని గొట్టం లోపలికి పంపి చూసింది. స్వరతంతువుల మీద చిన్న చిన్న బొడిపెలు లేచాయని, అదేపనిగా గొంతు చించుకునేవాళ్లకు అవి మామూలేనని చెప్పింది. రెండు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. గుసగుసలు అసలు పనికిరావు, అవి ఇంకా చేటు. ఆ తర్వాత గొంతుకు కసరత్తు. ఇంతా చెప్పి, మందుల చీటీ రాస్తూ, బడిలో ఉన్నంతసేపూ ఎన్ని నీళ్లు తాగుతారని అడిగింది.

మైకు టీచరు కాగితం మీద రాసింది: ఒక గ్లాసు.

ఎందుకంత తక్కువని అడిగితే జవాబు రాయడానికి కాస్త సేపు పట్టింది. టాయిలెట్ మైదానానికి అవతల ఉంది. వెళ్లి రావడానికి పది నిమిషాలు. విరామంలో పిల్లలకు కాపలాగా వరండాలో నిలబడాలి. అందుకని తాగను.

డాక్టరు అది చదివి కళ్లద్దాలు తీసింది. "మీరొక్కరేనా, మీ టీచర్లందరూ ఇంతేనా?"

ఆమెకు తెలియదు. ఇరవై రెండేళ్లలో ఆ మాట ఎవరినీ అడగలేదు.

ఇంట్లో ఆమె మౌనం పెద్ద గొడవే తెచ్చింది. అత్తగారికి చెముడు. ఇంటిల్లిపాదిలో ఆవిడకు వినపడేది కోడలి గొంతొక్కటే. ఆవిడ కొడుకు, అంటే టీచరు భర్త, దర్జీ. నోట్లో గుండుసూదులు పెట్టుకుని గొణగడమే తప్ప పెదవి విప్పి మాట్లాడే రకం కాదు. రెండు రోజులు చూసి, మూడో రోజు పొద్దున పెద్దావిడ కోడలి చెయ్యి పట్టుకుంది.

"నామీద కోపమొచ్చిందా అమ్మా? ఏం తప్పు చేశానో చెప్పు."

కోడలు పలక మీద పెద్ద పెద్ద అక్షరాలతో సంగతంతా రాసి చూపించింది. ఆవిడ చదివి, లోపలికి వెళ్లి చెంబెడు నీళ్లు తెచ్చి ఎదురుగా కూర్చుంది. చెంబు ఖాళీ అయ్యేదాకా కదల్లేదు.

పాఠం చెప్పలేని టీచరును సెలవు మీద పంపడం ఇష్టంలేక, హెడ్మిస్ట్రెస్ ఆమెను ఆఫీసులో కూర్చోబెట్టి పాత రిజిస్టర్లు సరిచూడమంది. అక్కడే ఆమె చేతికి దెబ్బల పుస్తకం వచ్చింది. పిల్లలెవరైనా పడితే ఎక్కడ, ఎప్పుడు పడ్డారో అందులో రాసేవారు. నాలుగు నెలల్లో ముప్ఫై ఒక్క దెబ్బలు. అందులో ఇరవై రెండు మెట్ల మీదే. ఎందుకో ఆమెకు వెంటనే తట్టింది. విరామంలో పదిహేను మంది టీచర్లూ నిలబడేవారు, కాని ఎవరి తరగతి గుమ్మం దగ్గర వాళ్లు. మెట్ల దగ్గర ఒక్కరూ ఉండేవారు కాదు.

ఆ మధ్యాహ్నం లెక్క వేసింది. రోజుకు మూడు విరామాలు, వారానికి పదిహేను. కాపలా ఉండాల్సిన చోట్లు నిజానికి నాలుగే: కింది వరండా, పై వరండా, మెట్లు, మైదానం. వంతులేసుకుంటే ఒక్కొక్కరికి వారంలో నాలుగు విరామాలు కాపలా, పదకొండు విరామాలు సొంతం. రెండోసారి వేసింది. మూడోసారీ వేసింది. అదే వచ్చింది. ఎవరి వంతు ఎప్పుడో ఒక కాగితం మీద గీసి పెట్టుకుంది.

బడిలో టైంటేబులు వేసేది లెక్కల మాస్టారు. ఇరవై ఏళ్లుగా ఆ పని ఆయనదే. దాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ఆయనకు గిట్టదు. శుక్రవారం స్టాఫు మీటింగులో ఆమె కాగితం చూసి, తాము కుర్రతనంలో ఎనిమిది పీరియడ్లూ నిలబడే చెప్పామని, ఈ కాలం వాళ్లకు సుకుమారం ఎక్కువైందని అన్నారు. కొందరు తలలూపారు. హెడ్మిస్ట్రెస్ గడియారం చూసుకుంది.

మైకు టీచరు లేచి బోర్డు దగ్గరికి వెళ్లి సుద్దముక్కతో రాసింది: ఈ రోజు బడికి వచ్చాక గ్లాసుడు నీళ్లు తాగినవాళ్లు చెయ్యెత్తండి.

అప్పటికి సాయంత్రం నాలుగైంది. ఒక్క చెయ్యీ లేవలేదు. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఒకటో తరగతి టీచరు, కొత్తగా చేరిన పిల్ల, తల దించుకుని కళ్లు తుడుచుకుంది. ఆమెకు నీళ్లు తాగక పోయిన నెలలోనే రెండుసార్లు మూత్రంలో మంటా జ్వరమూ వచ్చాయని పక్కావిడకు మాత్రమే తెలుసు.

లెక్కల మాస్టారు కళ్లజోడు సర్దుకుంటూ మెల్లగా అన్నారు: "నాకు రెండుసార్లు కిడ్నీలో రాళ్లొచ్చాయి. వంశంలో ఉందేమో అనుకున్నాను." ఆ వెంటనే చెయ్యి చాపారు. "ఆ కాగితం ఇలా ఇవ్వండి, టీచరుగారూ. మంగళవారం మధ్యాహ్నం ఒకరికి రెండు వంతులు పడ్డాయి. సరిచేస్తాను."

హెడ్మిస్ట్రెస్ నెల రోజులు చూద్దామంది. ఆఫీసు పక్కన అతిథుల కోసమని తాళం వేసి ఉంచిన టాయిలెట్ తాళంచెవి సొరుగులోంచి తీసి స్టాఫు రూమ్ గోడకున్న మేకుకు తగిలించింది.

మొదటి వారం అందరికీ వింతగా ఉంది. విరామంలో ఏం చెయ్యాలో తెలియక కొందరు వరండాలోకి వచ్చి నిలబడితే, లెక్కల మాస్టారు వెనక్కి తోలేవారు. రెండు వారాల మౌనం ముగిసి మైకు టీచరుకు కసరత్తు మొదలైంది. గ్లాసులో నీళ్లు పోసి, స్ట్రా ముంచి, బుడగలు వచ్చేలా ఊఁ అని రాగం తీయాలి. అది గొంతున్న ప్రతివాళ్లకూ మంచిదేనని డాక్టరు చెప్పిందనేసరికి, మర్నాడు స్టాఫు రూమ్‌లో ఎనిమిది గ్లాసులు బుడబుడలాడాయి. డ్రిల్లు మాస్టారి బుడగలు బల్లంతా చిందాయి. ఆ గదిలో అంతగా నవ్వి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు.

రెండో వారం చివర జ్వరాలతో ముగ్గురు రాలేదు. మైదానంలో వంతు ఖాళీగా పోయింది. ఇద్దరు పిల్లలు కొట్టుకుని ఒకడి పన్ను విరిగింది. వాడి తండ్రి వచ్చి కేకలు వేశాడు. రేపట్నుంచి అందరూ మునుపటిలాగే గుమ్మాల దగ్గర నిలబడాలని హెడ్మిస్ట్రెస్ నోటీసు రాసింది.

ఆ నోటీసు తిరగకముందే ఒకటో తరగతి టీచరు ఆమె గదిలోకి వెళ్లింది. అంతకుముందు ఆ గది గుమ్మం దాటి మాట్లాడిన మనిషి కాదు.

"ఈ బళ్లో చేరాక కూర్చుని భోజనం చేసింది పోయిన వారమే మేడం. దాన్ని వెనక్కి తీసుకోకండి. ఎవరు రాకపోయినా వాళ్ల చోట నేను నిలబడతాను."

ఆమె బయటికి వచ్చేసరికి గుమ్మంలో డ్రిల్లు మాస్టారున్నారు, ఆయన వెనక ఇంకో నలుగురు. అందరిదీ అదే మాట. లెక్కల మాస్టారు దెబ్బల పుస్తకం తెచ్చి బల్లమీద తెరిచి పెట్టారు. ఆ పది రోజుల్లో మెట్ల మీద ఒక్కరూ పడలేదు.

హెడ్మిస్ట్రెస్ నోటీసు చింపేసింది. మర్నాడు పొద్దుటి విరామంలో మైదానం మధ్య గొడుగు వేసుకుని ఒకావిడ నిలబడి ఉంటే, పిల్లలు గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది. వంతుల కాగితంలో అట్టడుగున ఆవిడే రాసుకుంది: ఎవరు రాకపోతే వారి బదులు, హెడ్మిస్ట్రెస్.

నెలాఖరు మీటింగులో ఆవిడ లెక్కలు చదివింది. కిందటి నెల టీచర్లు ఒంట్లో బాగోలేక పెట్టిన సెలవులు పంతొమ్మిది. ఈ నెల ఆరు. పిల్లలకు తగిలిన దెబ్బలు, విరిగిన పన్నుతో కలిపి, మూడు. మెట్ల మీద సున్నా. ఇకనుంచి ఈ వంతులే ఖాయమని చెప్పింది. చప్పట్లు కింది వరండా దాకా వినిపించాయి.

ఏమైనా చెబుతారా అని అడిగితే మైకు టీచరు లేచింది. తరగతుల్లో మెల్లగా చెప్పడం మొదలుపెట్టి నాలుగు రోజులే అయింది. అరవలేదు, గొంతు బిగించలేదు. ఊపిరి తీసుకుని మామూలుగా మాట్లాడింది. "నా గొంతు పోయినప్పుడు నా ఒక్కదానికే ఏదో అయిందనుకున్నాను. కాదు, మనందరికీ అయింది. మనందరం కలిసే బాగుచేసుకున్నాం." ఆ మాటలు గది చివరి కుర్చీ దాకా తేటగా వెళ్లాయి. అక్కడ కూర్చున్న డ్రిల్లు మాస్టారు, వినిపించిందన్నట్టు, రెండు చేతులూ పైకెత్తారు.

ఈ సంగతి ఎలా పాకిందో, పక్క పేటలోని బడి నుంచి కబురొచ్చింది. తమకూ అలాంటి కాగితం ఒకటి వేసిపెట్టమన్నారు. శనివారం పొద్దున మైకు టీచరూ లెక్కల మాస్టారూ కలిసి వెళ్లారు. ఆయన చార్టు గోడకు అంటించి గంటసేపు ఆగకుండా చెప్పారు. ఆవిడ పక్కన కూర్చుని, అడిగినవాళ్లకు మాత్రం జవాబిచ్చింది. చివర్లో వాళ్లు చార్టును ఫొటోలు తీసుకుంటుంటే ఆయన కాలరు సర్దుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. తర్వాత ఆమె వైపు తిరిగారు.

"ఇరవై ఏళ్లుగా టైంటేబుల్ వేస్తున్నాను టీచరుగారూ. ఎప్పుడు అతికించినా తిట్టుకుంటూ చదివేవాళ్లే. కావాలని అడిగి పట్టుకెళ్లడం ఇదే మొదటిసారి."

ఆమె పకపకా నవ్వింది. ముందు సీట్లలోని వాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు.