విల్లో వాగు మజిలీ

లొవీసా పిండి పిసుకుతుంటే వసారాలోంచి మొగుడు హైరమ్ గొంతు వినబడుతోంది.

"ఈ మజిలీ కట్టింది నేనే. నేను రాకముందు ఇక్కడ ముళ్ళపొదలూ తోడేళ్ళూ తప్ప ఏమున్నాయి?"

కౌంటీ చరిత్ర రాయడానికి వచ్చిన పత్రికాయన తలూపుతూ రాసుకుంటున్నాడు. రైలు దారి కొండకు అవతలివైపు వేశారు. ఇవాళ్టితో ఈ దారిన ఉత్తరాల్నీ మనుషుల్నీ మోసే తపాలా బండి ఆగిపోతోంది. ఆగిపోయాకే కదా దేనికైనా చరిత్ర.

కట్టింది ఆయనే, నిజమే. కానీ ఇన్నేళ్ళుగా దిగిన ప్రతివాడికీ చిక్కుళ్ళు ఉడికించిందెవరు? పశువులు తోలేవాళ్ళు తాగి కక్కింది కడిగిందెవరు? మంచుకు దారి మూసుకుపోయినప్పుడు ఓ ప్రయాణికురాలికి ఈ వంటింట్లోనే పురుడు పోసిందెవరు? బతికున్నన్నాళ్ళూ అత్తగారు అనేది, "పొయ్యి దగ్గర నిలబడ్డం కూడా ఒక పనేనా కోడలా?" అని. తన కడుపున పడ్డ నలుసు పోయిన పొద్దున కూడా, "బండొచ్చేస్తోంది, లే," అన్నాడు హైరమ్. లేచింది. కాఫీ కాచింది. ఆ రోజు కాఫీ నీళ్ళలా ఉందని ఒకాయన మొహం చిట్లించాడు. అదేదీ ఇప్పుడు పత్రికాయన రాసుకునేదాంట్లో ఉండదు.

"మీ మొదటి భార్య సంగతి?" అడిగాడు పత్రికాయన.

"ఆర్మిండానా? పశువుల బేరగాడొకడితో ఈ తపాలా బండే ఎక్కి పోయింది. అది రాయకండి, పరువు తక్కువ."

లొవీసాకి ఈ మాట కొత్త కాదు. కోపం వచ్చినప్పుడల్లా, "నువ్వూ దానిలాగే బండెక్కుతావా?" అని ఆమె గడ్డం బిగించి పట్టుకుని అడుగుతాడు. కానీ వంటింటి బల్ల దగ్గర కాఫీ తాగుతున్న బండివాడు ఎలీషాకి కొత్తలా ఉంది. ముసలాయన కప్పు కింద పెట్టేశాడు.

"నా బండి ఎక్కలేదు తల్లీ," అన్నాడు మెల్లగా.

"ఇంకెవరి బండో అయ్యుంటుంది."

"ఇంకో బండి ఎక్కడిది? ఈ దారిన మొదట్నుంచీ తోలింది నేనొక్కణ్ణే. గుర్రమ్మీద పుట్టింటికి పోయిందని మీ ఆయన నాతో అన్నాడు. నమ్మాను." ఆమె పాదాల వంక చూశాడు. "ఆ బూట్లు ఆవిడవే కదూ?"

లొవీసా తలదించి చూసుకుంది. పెళ్ళయిన వారంలో హైరమ్ ఇచ్చినవి. 'దానివి ఉన్నాయిగా, కొత్తవెందుకు?' అన్నాడు. ఆర్మిండాకి ఇంకో జత ఉండేదా? రెండో జత కొనిచ్చే మనిషేనా ఇతను? ఈ రాళ్ళలో, ఈ ముళ్ళలో, ఉత్త కాళ్ళతో ఏ ఆడది బయల్దేరుతుంది? పిండిలో ఆమె వేళ్ళు ఆగిపోయాయి. నిన్న భోజనాల దగ్గర హైరమ్ ఆమె మెడ మీద చెయ్యేసి, "రేపట్నుంచి ఏ బండీ రాదు. ఇక మనిద్దరమే," అన్నాడు. ఎన్నాళ్ళకో ప్రేమగా మాట్లాడాడని ఆమె కాస్త సంతోషపడింది కూడా.

గుర్రాల్ని కట్టారు. ప్రయాణికులు ఎక్కి కూర్చున్నారు. పత్రికాయన కూడా తన సంచీ అందుకున్నాడు. లొవీసా పిండి చేతులతోనే బయటికి నడిచింది.

"ఎక్కడికే?" అన్నాడు హైరమ్.

"మా అక్క దగ్గరికి."

అందరూ చూస్తున్నారని అతను నవ్వాడు. నవ్వుతూనే ఆమె మోచేయి పట్టుకున్నాడు. వేళ్ళు ఎముక దాకా దిగాయి. "పొయ్యి మీద కూర మాడుతోంది, లోపలికి పద."

"మాడనివ్వండి."

ఆమె పత్రికాయన వైపు తిరిగి గొంతు పెంచింది.

"అయ్యా పత్రికాయనా, ఇది కూడా రాసుకోండి. విల్లో వాగు మజిలీలో ఆఖరి బండి ఎక్కింది హైరమ్ రెండో భార్య లొవీసా. మీరందరూ కళ్ళారా చూశారు."

మోచేతి మీద పట్టు సడలింది. ఎలీషా పైనుంచి చెయ్యి అందించాడు. ఆమె అతని పక్కన కూర్చుని, కింద నిలబడ్డ మొగుడి కళ్ళలోకి చూస్తూ అంది:

"ఆర్మిండా ఎక్కడం మాత్రం, ఈ బండి తోలినాయన కూడా చూళ్ళేదట."