మగ్గం లేని నేత

చిల్పూరు దగ్గరి ఒక పల్లెలో కనకయ్య పేరున్న నేతగాడు. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు ఒక పూట అన్నం పెట్టాడని నిజాం రజాకార్లు అతని ఇంటినీ మగ్గాన్నీ తగలబెట్టారు. తుపాకీ మడమలతో రెండు చేతులూ చితగ్గొట్టారు. భార్య గట్టమ్మ అతన్ని బండిలో వేసుకుని, మానుకోట అవతల ఉన్న తన అన్న ఎర్రయ్య ఇంటికి చేర్చింది. ఎర్రయ్య నూలు దొరక్క ఎన్నడో మగ్గం అమ్మేసి కూలికి పోతున్నాడు.

కనకయ్య చేతులకు పసరు కట్టించుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒకరోజు గట్టమ్మ దగ్గర కూర్చుంది.

"నాకు నేసుడు నేర్పు."

"ఆడోళ్లు మగ్గంల కూసుంటరా? అయినా మగ్గమేది?"

"నువ్వు జెప్పు. నేను మనసుల వెట్టుకుంట."

అరుగు మీద కాళ్లు వేలాడేసి కూర్చోమన్నాడు. కళ్లు మూసుకోమన్నాడు.

"నిలువు పోగులు కనవడ్తున్నయా?"

"ఏం కనవడ్తలేవు. అంత చీకటే."

"అయితె సూడకు, ఇను. మనింట్ల పొద్దుగాల ఏం ఇనవడేది?"

ఆ చప్పుడు ఆమెకు తెలుసు. పెళ్లయిన నాటి నుంచి నూలు కండెలు చుడుతూ విన్నదే. ముందు టకటకలు వినిపించాయి. వాటి వెంట, పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె కదిలింది, దాని వెనక పోగు సాగింది. మెల్లగా పోగులన్నీ బిగిసి నిలబడ్డాయి.

ఆ రోజు నుంచి అదే పని. ఆమె గాలిలో కాళ్లు తొక్కేది, చేతులు విసిరేది. అతను పక్కన కూర్చుని చూసేవాడు. "ఎడమదిక్కు పోగు తెగింది" అనేవాడు. ఆమె వేళ్లతో లేని పోగును ముడివేసేది. దారినపోయే వాళ్లు, ఈమెకు మతి పోయిందని జాలిపడ్డారు. ఒకనాడు అతను చెప్పకముందే ఆమె ఆగింది.

"ఎందుకాగినవ్?"

"పోగు తెగింది."

కనకయ్య నవ్వాడు. ఆ ఇంటికి వచ్చాక అతను నవ్వడం అదొక్కసారే.

వానాకాలం పోతూ పోతూ చేతుల పుండ్లు ముదిరాయి. పట్నంలో నిజాం లొంగి సర్కారు మారిందని ఊరంతా సంబురపడుతున్న రోజుల్లో అతనికి జ్వరం తలకెక్కింది. దుప్పటి కింద పాదాలు తొక్కుతూనే ఉన్నాయి.

"గట్టమ్మా, అంచు జారుతాంది."

"సక్కగనే ఉన్నది. నేను పట్టుకున్న" అంది ఆమె.

తెల్లవారేసరికి పాదాలు ఆగిపోయాయి.

కొన్ని నెలలకు ఎర్రయ్య పాత మగ్గం ఒకటి సంపాదించి, గుంట తవ్వి నిలబెట్టాడు. గట్టమ్మ గుంటలో దిగింది. కాళ్లకు అంతా తెలుసు. కానీ ఇన్నాళ్లూ ఆమె ఆడించిన నాడెకు బరువు లేదు. ఇది చేతిలోంచి జారి కింద పడింది. మళ్లీ పడింది. ఆమె మగ్గం చెక్క మీద తల పెట్టి ఏడ్చింది. ఎర్రయ్య బయటికి వెళ్లాడు. కొంతసేపటికి లోపల్నుంచి చప్పుడు మొదలయింది.

ఆ తర్వాత గట్టమ్మ చాలా ఏళ్లు నేసింది. అంచు చక్కగా వచ్చేది. తీరిక దొరికినప్పుడు కళ్లు మూసుకుని కనకయ్యను తలుచుకునేది. గుడ్డ కట్టిన చేతులు కనిపించేవి, గొంతు వినిపించేది. ముఖం మాత్రం ఎంత పిలిచినా రాలేదు.