వేలెడు సందు

తలుపు చుట్టూ చెక్క పట్టీలు కొట్టి సందులు మూసెయ్యాలి. అడుగున రబ్బరు బిగించాలి. పైన రంగు వెయ్యాలి. వెనక తలుపు ముందున్న గుడ్డ తానులను ఇంకాస్త ఎత్తుకు పేర్చి, హాలులో నడిచే చోటు చెయ్యాలి. అన్నీ సాయంత్రంలోగా కావాలి. రేపు సరుకు కొనేవాళ్ళు చూడడానికి వస్తున్నారని కుట్టు షెడ్డు యజమాని ఫోనులో ఒక్క గుక్కలో చెప్పేశాడు.

పెద్ద వడ్రంగి విన్నాడు గానీ ఊఁ అనలేదు. ఫోను పక్కన పడేసి, ఉలి నూరడం ఆపకుండా నూరుతూనే ఉన్నాడు. తలుపులు మోసి మోసి అతని కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారింది. కనుబొమల్లో రంపపు పొట్టు ఎప్పుడూ ఉంటుంది. స్నానం చేసినా పోదు.

ఈ ఊరి కింద ఒక నెర్రె ఉంది. పుస్తకాల్లో దాన్ని భ్రంశరేఖ అంటారు. చూడడానికి తవ్వి పోయనక్కర్లేదు. బజారులో తిన్నగా పోయే కాలవ గట్టు ఒకచోట మూరెడు పక్కకు జరిగి ఉంటుంది. తాతల కాలంలో అది కదిలితే ఊరు మొత్తం కూలింది. మళ్ళీ కట్టారు, ఈసారి గట్టిగా కట్టారు. పెద్ద వడ్రంగి చిన్నతనంలో ఇంకోసారి కదిలింది. గోడలు నిలబడ్డాయి. ద్వారబంధాలు మాత్రం ఒరిగి, తలుపులను పళ్ళ మధ్య పట్టినట్టు పట్టుకున్నాయి. పొయ్యిల్లో నిప్పు ఇళ్ళకు అంటుకుంది. అతని తల్లి తలుపుకు లోపలి నుంచి బాదింది, తండ్రి బయటి నుంచి బాదాడు. గోడకు పెచ్చు కూడా ఊడలేదు.

ఆ తర్వాత ఊరి వడ్రంగులంతా కూర్చుని ఒక మాట అనుకున్నారు. తలుపుకూ బంధానికీ మధ్య వేలెడు సందు వదలకుండా ఏ తలుపూ బిగించకూడదు. బంధం ఒరిగినా రెక్క కదలాలి. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి పనితనం లేదని నవ్వుతారు. "మన తలుపు వేసినా తీసినా పిల్లికి ఒకటే" అని అతని భార్యే దెప్పుతుంది. అయినా ఊరు ఆ మాట మీదే నిలబడింది. ఏసీలు వచ్చేదాకా.

అతను షెడ్డు మేడ ఎక్కేసరికి పట్టీలు అప్పటికే కొట్టేసి ఉన్నాయి. తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని రబ్బరు బిగిస్తున్నాడు.

"ఎవడు చేస్తున్నాడో అనుకున్నా. నువ్వట్రా!"

"నువ్వు పలక్కపోతే నాకు ఫోను చేశారన్నా. నేను కాదంటే ఇంకొకడు చేస్తాడు."

"లోపల కూర్చునేది నీ కూతురు."

తమ్ముడు తల ఎత్తలేదు. "తెలుసు."

ఆ ఒక్క మాటకు పెద్దాయన ఒళ్ళు మండిపోయింది. తెలియదంటే చెప్పేవాడు. తెలిసినవాడికి ఏం చెప్తాడు?

మిషన్ల రొదలోంచి తమ్ముడి కూతురు మెడ సాచి చూసింది. "పెదనాన్నా, పొద్దున్నుంచీ చల్లగానే ఉందిలే. ఇక చలికి చస్తామేమో" అంది. పక్కవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు.

యజమాని వచ్చాడు. "చల్లదనం అంతా సందుల్లోంచి వీధిలోకి పోతోందయ్యా! వీధికి ఏసీ పెట్టించానా నేను?"

"మీ ఇంటి తలుపులు బిగించింది నేనేనండి. ప్రతి తలుపుకూ మీరే వేలు పెట్టి చూసుకున్నారు. ఒకచోట బిగుతుగా ఉందని విప్పించి మళ్ళీ చెక్కించారు."

"ఇల్లు వేరు, షెడ్డు వేరు."

ఆ మనిషి నాయనమ్మ కూడా అలాంటి తలుపు వెనకే కాలిపోయింది. ఆవిడ ఫొటో ఆఫీసు గోడకు ఉంది. వచ్చినవాళ్ళందరికీ ఆ కథ చెప్తాడు. తెలియక చేశాడని ఎవరైనా అంటే నమ్మకండి.

పెద్ద వడ్రంగి సంచీలోంచి స్క్రూడ్రైవరు తీశాడు. బందుల స్క్రూలు ఒక్కొక్కటీ విప్పాడు. యజమాని అరుస్తున్నాడు, తమ్ముడు "అన్నా, వద్దన్నా" అంటున్నాడు. ఆఖరి స్క్రూ ఊడగానే, నలుగురు పట్టవలసిన తలుపు అతని చేతుల్లోకి ఒరిగింది. తువ్వాలు మడిచి భుజం మీద వేసుకుని, తలుపును దాని మీదికి ఎత్తుకున్నాడు.

"తలుపే లేకపోతే ఇరుక్కునేదేముంది?" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగాడు. సాయం పట్టబోయిన తమ్ముణ్ణి మోచేత్తో నెట్టేశాడు. వీధిలోకి వచ్చి, తలుపును ప్రహరీ గోడకు ఆనించి, తువ్వాలు తీసి గోడ మీద ఆరేసి, నీడలో కూర్చున్నాడు. తమ్ముడి కూతురు నీళ్ళు తెచ్చి "పెదనాన్నా" అని భుజం తట్టింది. అతను పలకలేదు. ఊపిరి లేదు.

మర్నాడు సరుకు కొనేవాళ్ళు వచ్చారు. "పాత పనివాడు, పాపం, గుండె బలహీనం" అని యజమాని వాళ్ళకు చెప్పాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన తమ్ముణ్ణి పిలిపించి తలుపు మళ్ళీ బిగించమన్నాడు. అతను ఇంకొందరితో దాన్ని మేడ మీదికి మోసుకొచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూతురు కూర్చుని ఉంది.

"పట్టీలు పీకి బిగించు నాన్నా. లేదంటే నన్ను తొక్కుకుంటూ రా."

ఆమె వెనక మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రొద పోయాక కొనేవాళ్ళు తలలు తిప్పి చూశారు. యజమాని నవ్వు మొహం పెట్టుకుని ఏదో అనబోయాడు. ఈలోగా తమ్ముడు సుత్తి తిరగేసి మొదటి పట్టీ కింద దూర్చాడు.

భూమి ఆ రోజు కదలలేదు. ఇప్పటిదాకా కదలలేదు. కదిలిన రోజున ఆ ఆడవాళ్ళు బతికి బయటపడితే, అదృష్టమని మాత్రం అనకండి. పెద్ద వడ్రంగిని తలుచుకోండి. ప్రహరీ మీద అతని తువ్వాలు ఇంకా అలాగే ఉంది, చెమట ఎండి తెల్లటి ఉప్పు చారలతో.