రాగిరేకు మీద బొటనవేలు

ఇంట్లో చెంబుకి చిలుం పడితే నాకు తిట్లు, షెడ్డులో రాగిరేకుకి చిలుం పట్టకపోతే నాకు తిట్లు. పొద్దున్నే గిన్నెలు తోముతుంటే అత్తగారు అననే అన్నారు, "అక్కడ కొత్తవాటిని పాతవి చేస్తావు, ఇక్కడ పాతవాటిని కొత్తగా తోమడానికి మాత్రం ఒళ్ళు వంగదు" అని. మొదటి సగం నిజమే గనక నవ్వొచ్చింది. రెండో సగం తోముతూనే విన్నాను.

కొత్త రేకుని తాతలనాటిదిలా చెయ్యడం మా షెడ్డు పని. షెడ్డు మా ఆయనది, పని నాది. రేకుని గరుకు కాగితంతో రుద్ది, కడిగి, వెనిగర్‌లో ఉప్పు కలిపి చల్లి, అమ్మోనియా గిన్నెతో పాటు పెట్టెలో మూసిపెట్టాలి. ఆ ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళు కారిపోతాయి. ఆకుపచ్చని ఎక్కడ ఆపాలో, ఎక్కడ నీలానికి తిరగనివ్వాలో రేకులు పాడుచేసుకుంటూ నేర్చుకున్నాను. ఆయన మాత్రం వచ్చినవాళ్ళతో, "మా ఆవిడ కూడా చేతిసాయం చేస్తుంటుందండీ" అంటారు. మొదట్లో ఆ మాటకే మురిసిపోయేదాన్ని, నా బుద్ధికి ఏం చెప్పను!

ఈసారి ఒక పెద్ద హోటల్ ముఖద్వారం తలుపులకి రాగి తొడుగు. నమూనా రేకు నచ్చితే, చేసినవాళ్ళే అక్కడికి వెళ్ళి తలుపులు పూర్తిచెయ్యాలి. ఆ తలుపులు నాకు కావాలి. ఇంతగా నేను ఇంకేదీ కోరుకోలేదు.

పెట్టె తెరిచి చూశాను. రేకు నడుమ ఒక బొటనవేలి ముద్ర, పచ్చదనం అంటకుండా ఎర్రగా మెరుస్తోంది. కడిగిన రేకుని వట్టి చేత్తో ముట్టుకుంటే, జిడ్డు అంటినంతమేరా చిలుం పట్టదు. నేను గ్లవ్స్ లేకుండా ముట్టుకోను. నిన్న స్నేహితుడికి చూపించడానికి దాన్ని ఎత్తింది ఆయనే.

"హోటల్ ఆర్కిటెక్టమ్మ వచ్చేలోపు రుద్దేసి మళ్ళీ చెయ్యి. అయినా కాస్త చూసుకోవద్దూ?" అన్నారు.

ఆయన ముద్రలు ఎన్ని రుద్దేశానో, కిక్కురుమనకుండా. అలవాటుకొద్దీ చెయ్యి గరుకు కాగితం మీదికి పోనేపోయింది. వెనక్కి తీసుకున్నాను. రేకుని అలాగే బల్ల మీద పెట్టాను.

హోటల్ ఆర్కిటెక్టమ్మ వచ్చి, రేకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది.

"రంగు అద్భుతంగా ఉంది. మధ్యలో ఈ మచ్చేంటండీ?"

"మా ఆవిడ పొరపాటండీ," అన్నారు ఆయన గబుక్కున. "తలుపుల దగ్గరికి నేనే వస్తాను, మీరు నిశ్చింతగా ఉండండి."

ఒళ్ళు మండిపోయింది. ముందుకొచ్చి ఆవిడతోనే అన్నాను.

"ఈ రేకులో ఆయన చేసింది ఆ మచ్చ ఒక్కటేనండీ. మిగతాదంతా నేను చేశాను. తలుపులకి నన్నెప్పుడు రమ్మంటారు?"